డ్రమ్ము అడుగున ఎర్ర గీత

నిన్న పొద్దున మా కాలేజీ వరండాలో కొత్తగా ఒక నీలం డ్రమ్ము వెలిసింది. కొత్తగా అంటే మాకు కొత్త. దాని ఒంటి మీది గీతలు చూస్తే ఎన్ని లారీలు ఎక్కి దిగిందో తెలుస్తూనే ఉంది. గవర్నర్‌పేటలో ఒక ఇరుకు సందులో, కింద దుకాణాలూ పైన తరగతి గదులూ ఉన్న ప్రైవేటు జూనియర్ కాలేజీ మాది. నేనక్కడ తెలుగు చెబుతాను. మంచినీళ్ల యంత్రం చెడిపోయి వారమైంది. దాన్ని బాగుచేయించేదాకా పిల్లలు తాగడానికి నీళ్లు పోసి ఉంచుదామని ఈ డ్రమ్ము తెప్పించారట. దాని మీద ఎండ పడుతోంది. పక్కనుంచి వెళుతుంటే మూత సందులోంచి వాసన వచ్చింది. పైన సబ్బు, సబ్బు కింద ఫినాయిలు, ఆ కింద ఇంకేదో. తీపిగా మొదలై చేదుగా దిగి, ముక్కులో కాకుండా గొంతులో నిలిచిపోయే వాసన. అది నాకు తెలుసు. పదిహేనేళ్లయినా మరిచిపోలేదు.

ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి, ఆ డ్రమ్ములో ఇంతకు ముందు ఏముండేదో కనుక్కున్నారా అని అడిగాను. ఆయన ఫైలులోంచి తల ఎత్తి నవ్వారు. "డ్రమ్ము డ్రమ్మే కదా భారతి గారూ! మూడుసార్లు కడిగించాం. మీరు మరీనండీ" అన్నారు. ఒళ్లు మండిపోయింది. పిల్లలు ఏ రంగు సాక్సులు వేసుకోవాలో నాలుగు పేజీల నియమాలు రాసిన మనిషి, వాళ్లు తాగే నీళ్లు ఎందులో ఉన్నాయో ఒక్క ప్రశ్న అడగలేదు. పైగా అడిగినదాన్ని చూసి నవ్వు. ఇంటికెళ్లాక కూడా ఆ కోపం తగ్గలేదు. బీరువా అడుగునుంచి పాత గుడ్డలో చుట్టిన ఉలి బయటికి తీశాను. దాని చెక్క పిడి ఒక చెయ్యి పట్టు ప్రకారం అరిగిపోయి ఉంటుంది. ఆ చెయ్యి సువార్తమ్మ గారిది. ఆవిడ గురించి ఇన్నేళ్లుగా రాయకుండా తప్పించుకున్నాను. ఎందుకు తప్పించుకున్నానో కూడా చెబుతాను.

మాది పామర్రు వైపు వ్యవసాయం చేసుకునే కుటుంబం. తెలుగు ఎమ్మే చేసి, ఉద్యోగం దొరక్క రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాక, మా నాన్నకు తెలిసినవాళ్లెవరో చెబితే ఆటోనగర్‌లో ఒక పాత డ్రమ్ముల యార్డులో గుమాస్తాగా చేరాను. సరుకు వస్తే రాసుకోవాలి, సరుకు పోతే చీటీ రాసివ్వాలి. నాలుగు వైపులా లారీ బాడీలు కొట్టే సుత్తుల చప్పుడు, వెల్డింగు పొగ, గ్రీజు. ఆ మధ్యలో నీలం డ్రమ్ముల గుట్టలు, గుట్టల ముందు రేకుల షెడ్డు, షెడ్డులో చెక్క బల్ల వెనక తెల్ల నేత చీరలో అరవై ఏళ్ల ఆవిడ, యార్డు యజమాని సువార్తమ్మ గారు. కళ్లజోడు మెళ్లో తాడుకి వేలాడేది. బల్ల సొరుగులో బైబిలూ, ఉలీ, సుత్తీ ఒకే చోట ఉండేవి. చేరిన రోజు నా సర్టిఫికెట్లు తిరగేసి, "ఎమ్మే తెలుగా! అయితే నువ్వు ఇక్కడ ఉండేదానివి కాదు. ఉన్నన్నాళ్లూ ఉండు టీచరమ్మా" అన్నారు. అప్పటికి నేను టీచరునూ కాదు, అవుతానన్న ఆశా లేదు. ఆవిడ మాత్రం ఆ రోజునుంచి ఇంకో పేరుతో నన్ను పిలవలేదు.

మొదటి రోజే గొడవ. సరుకు పుస్తకంలో 'డ్రమ్ములు' అని రాశాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చూసి, కొట్టేయమన్నారు. వీటిని పీపాలు అని రాయాలట. అటువైపు గుట్టను మాత్రం డ్రమ్ములు అని రాయాలట. రెండు గుట్టలూ ఒకే నీలం, ఒకే ఎత్తు. తేడా ఏమిటని అడిగాను.

"ఇవి నూజివీడు నుంచి మామిడి గుజ్జు మోసుకొచ్చినయ్యి. వీటిల్లోనే కొన్ని చక్కెర పాకం మోసినయ్యి. తిండి మోసింది పీపా. ఆ పక్కవి పురుగుమందులు, రంగులు, యాసిడ్లు మోసినయ్యి. అవి వట్టి డ్రమ్ములు. పీపా అన్న పేరు వాటికి పెట్టకూడదు."

నాకు చదువు పొగరు ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. అసలు పీపా తెలుగు మాటే కాదని, మనకు గంగాళం, కాగు, బాన, గోలెం లాంటి చక్కటి మాటలుండగా ఈ అరువు మాట మీద ఇంత పట్టుదల ఎందుకని ఆవిడకు పాఠం చెప్పాను. తన దగ్గర జీతం తీసుకుంటూ, తన షెడ్డులో కూర్చుని, తన వృత్తి మాట మీద ఆవిడకే ఉపన్యాసం! ఆవిడ శ్రద్ధగా విన్నారు. "మరి ఎక్కణ్నుంచి వచ్చిందో కనుక్కుని చెప్పు టీచరమ్మా. మా తాత ఓడల్లోంచి దిగిందనేవాడు" అన్నారు.

ఆ వారం గ్రంథాలయానికి వెళ్లి పెద్ద నిఘంటువులు తిరగేశాను. ఆవిడ తాత చెప్పింది నిజం. బుడతకీచులని మన పెద్దలు పిలిచిన పోర్చుగీసువాళ్లు తెచ్చిన మాట అది. వాళ్ల భాషలో పీపా అంటే సారాయీ నూనే మంచినీళ్లూ ఓడల్లో పోసి తెచ్చుకునే పెద్ద చెక్క పాత్ర. వాళ్లకు అది లాటిన్ నుంచి వచ్చింది. అక్కడ ఆ మాటకు మూలం పక్షిపిల్ల కిచకిచ. ఆ కిచకిచ పేరే ముందు పిల్లనగ్రోవికి వచ్చిందట. దాన్నుంచి గొట్టానికి, గొట్టంలా బోలుగా ఉండే పాత్రకు. ఇదంతా కాగితం మీద రాసుకుని వెళ్లి చదివి వినిపించాను. ఆవిడను ఓడించాననే అనుకున్నాను, పరాయి మాటని రుజువైంది కదా!

"ఓడ దిగొచ్చినా, ఇన్ని వందల ఏళ్లు మన నీళ్లు మోసింది గదా. ఇంకా పరాయిదేంటమ్మా?" అన్నారు. తర్వాత ఆ పక్షి సంగతి ఇంకోసారి చదివించుకుని చాలాసేపు నవ్వుకున్నారు. "అంటే పీపా మొదలు కూత అన్నమాట. మరైతే కూయాలిగా. రా, వినిపిస్తా."

ఆ రోజు ఆవిడ పని చేసే పద్ధతి మొదటిసారి దగ్గరగా చూశాను. కొత్తగా వచ్చిన పాత డ్రమ్ములో చెంబుడు మరిగే నీళ్లు పోసి, బిరడా బిగించి, ఎండలో పడుకోబెట్టేవారు. అరగంట ఆగి, దాని పక్కన మోకాళ్ల మీద కూర్చుని బిరడా మెల్లగా వదులు చేసేవారు. లోపలి ఆవిరి సన్నగా కీచుమంటూ బయటికి వచ్చేది. ఆవిడ ముఖం దూరంగా పెట్టి, చేత్తో ఆ ఆవిరిని తనవైపు తోసుకుని వాసన చూసేవారు. "చన్నీళ్లతో కడిగితే ప్లాస్టిక్కు అబద్ధం చెప్పుద్ది. వేన్నీళ్లకి నిజం చెప్పుద్ది. మందు దాని చర్మంలోకి పోయి కూర్చుంటుంది మరి" అనేవారు. మామిడి వాసన వస్తే ఇటు గుట్టకు. ఆ తీపీ చేదూ కలిసిన వాసన వస్తే అడుగున ఎర్ర రంగుతో ఒక గీత. గీత పడ్డవాటిని సోమవారం పొద్దున, వారంలో మొదటి పనిగా, ఉలీ సుత్తీ తీసుకుని తన చేత్తో అడుగున పొడిచేవారు. చిల్లి పడ్డాకే అవి ముక్కలు చేసే మిల్లుకు వెళ్లేవి. చిల్లి లేకుండా అమ్మితే మూడింతలు వస్తుందని పక్క యార్డులవాళ్లు నవ్వుకునేవారు.

ఉలి ఆవిడ తాతది. ఆయన బందరు రేవులో చెక్క పీపాలకు ఇనప పట్టీలు బిగించేవాడట. తారు మోసిన పీపా చేతికి వస్తే మాత్రం బిగించకుండా అడుగున పొడిచేసేవాడట. పొరపాటున ఎవరైనా అందులో మంచినీళ్లు పోసి ఓడెక్కిస్తే, సముద్రం మధ్యలో ఆ మనుషులకు ఇంకో గుక్క దొరకదు కదా. "అమ్మేవాడికి ఒక పూట బేరం. తాగేవాడికి అదే ఆఖరు గుక్క" అనేవాడని చెప్పారు. ఇదంతా నాకు చాదస్తంగా తోచింది. మా పొలంలో మందు డ్రమ్ములు కడిగి దొడ్లో నీళ్లకు పెట్టుకునేవాళ్లమని, మాకేమీ కాలేదని అన్నాను. ఆవిడ నా వైపు తేరిపార చూశారు. "ఏమీ కాలేదని ఎట్టా తెలుసమ్మా? అట్టా చెప్పడానికి మిగిలింది బాగున్నవాళ్లేగా" అన్నారు. మా చిన్నాన్న నలభై ఏళ్లకే కడుపు జబ్బుతో పోయిన సంగతి ఆ క్షణంలో గుర్తొచ్చింది. కారణం అదేనని చెప్పలేను. కాదని చెప్పలేనని మాత్రం ఆ రోజే తెలిసింది. అయినా నా బుద్ధి మారలేదు.

ఆ ఏడు కృష్ణకు వరద వచ్చింది. కరకట్ట పక్క కాలనీల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చి, బిందె, బొచ్చె అన్నీ కొట్టుకుపోయాయి. నీళ్లు తీశాక ట్యాంకర్లు వస్తున్నాయి కానీ పట్టుకోవడానికి పాత్రల్లేవు. ఒక పెద్దమనిషి మనుషులు మా యార్డుకు వచ్చారు. ఇంటికొక డ్రమ్ము పంచుతున్నామని, ఉన్నవన్నీ కావాలని అడిగారు. సువార్తమ్మ గారు మామిడి పీపాలన్నీ చూపించి ఊరికే తీసుకెళ్లమన్నారు. అవి చాలవట, ఎర్ర గీతవి కూడా కావాలట. "కడిగించుకుంటాం లెండి" అన్నాడు వాళ్లలో ఒకడు. ఆవిడ లేచి నిలబడి, "మీ ఇంట్లో పెట్టుకుని నెల రోజులు తాగి, తర్వాత రండి" అన్నారు. వాళ్లు మామిడి పీపాలు కూడా వద్దని వెళ్లిపోయారు. దానం చేసేవాడికి దానం ముఖ్యం కాదు, లారీ నిండటం ముఖ్యం. ఫొటోలో లారీ నిండుగా కనపడాలి.

ఆ తర్వాతి ఆదివారం ఆవిడ చర్చికి వెళ్లారు. ముందు రోజు దిగిన నలభై మందు డ్రమ్ములు ఎర్ర గీతలతో సోమవారం కోసం ఎదురుచూస్తున్నాయి. పక్క యార్డు యజమాని వచ్చి, ఇబ్రహీంపట్నంలో బూడిద ఇటుకలు చేసేవాళ్లు తడపడానికి నీళ్లకు అడుగుతున్నారని, అర్జెంటని చెప్పాడు. ఇటుకలు తాగితే ఏమవుతుంది? ఆవిడకు ఫోన్ చెయ్యొచ్చు. చెయ్యలేదు. ప్రార్థనలో ఉంటారని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం, నా తెలివికి ఆవిడ ఉలితో పని లేదని ఒకసారి రుజువు చెయ్యాలనిపించింది. 'డ్రమ్ములు నలభై' అని చీటీ రాసిచ్చాను. చిల్లి లేకుండా ఆ యార్డు గేటు దాటిన మొదటి మందు డ్రమ్ములు అవే. వాటిని దాటించింది నా చెయ్యి.

బుధవారం పొద్దున సువార్తమ్మ గారు పేపరు తెచ్చి నా ముందు పెట్టారు. కాలనీలో పంపిణీ ఫొటో. వరసగా నీలం డ్రమ్ములు, ప్రతి డ్రమ్ము మీదా చేతులు జోడించిన పెద్దమనిషి నవ్వు ముఖం స్టిక్కరు. సరిగ్గా కంపెనీ లేబులు ఉండే చోట, పుర్రె బొమ్మ ఉండే చోట, ఆ ముఖం అతికించారు. ఒక డ్రమ్ము లారీలోంచి దింపుతుంటే పక్కకు ఒరిగి ఉంది. అడుగు కనపడుతోంది. అడుగున గీత.

"టీచరమ్మా, ఆదివారం ఎవరికిచ్చావు?"

చెప్పాను. ఇటుకలని చెప్పాను, అర్జెంటని చెప్పాను. తిడతారని కాచుకున్నాను. తిట్టలేదు. సొరుగు లాగి ఉలీ సుత్తీ తీసుకున్నారు. "ట్రాక్టరు పిలిపించి మామిడి పీపాలన్నీ ఎక్కించు. పొడిచినదానికల్లా ఒకటి ఇవ్వాలి. ఉత్త చేతుల్తో ఎళ్లి వాళ్ల నీళ్లు పారబొయ్యగూడదు" అన్నారు. మేమిద్దరం ఆటోలో ముందు వెళ్లాం, ట్రాక్టరు వెనక వస్తోంది.

కాలనీ మొదట్లోనే ఒక ఇంటి ముందు నాంచారమ్మ అని ఒకావిడ చంటిపిల్ల పాలసీసా డ్రమ్ములో నీళ్లతో కడుగుతోంది. పిల్లకు నిన్నటినుంచి వాంతులట. వరద తర్వాత మామూలే అన్నారట. సువార్తమ్మ గారు మూత తీసి వాసన చూశారు. సీసా లాక్కుని దూరంగా విసిరేశారు. డ్రమ్ము మీదికి వంగి నీళ్లన్నీ కిందికి ఒంపి, బోర్లించి, ఉలి ఆనించి సుత్తితో కొట్టారు. ఆ చప్పుడుకు వీధి వీధంతా బయటికొచ్చింది.

"నీ చేతులు పడిపోను! బిందె లేదు, చెంబు లేదు, ఇచ్చిందొక్కటి, దాన్ని పొడుస్తావంటే ముసలిదానా!" నాంచారమ్మ ఆవిడ జుట్టు పట్టుకుంది.

"పట్టుకోమ్మా, పట్టుకో. నీ పిల్లకి మటుకు ఆ నీళ్లు పట్టొద్దు. అందులో పురుగుమందు ఉంది. నీకు మంచిది తెచ్చా, ఎనకాల వస్తంది" అని చెబుతూనే రెండో ఇంటి డ్రమ్ము దగ్గరికి నడిచారు. జుట్టు ముడి ఊడిపోయి వీపంతా పరుచుకుంది. నేను వెనక నిలబడి ఉన్నాను. నోరు తెరిచి, 'అవును, నేనే అమ్మాను, అవి మందు డ్రమ్ములే' అని ఒక్క మాట అంటే వాళ్లు నమ్మేవారేమో. అనలేదు. వెనక రావాల్సిన ట్రాక్టరు కూడా రాలేదు. పెద్దమనిషి మనుషులు కాలనీ మొదట్లోనే దాన్ని ఆపేశారు. తమ కార్యక్రమంలో ఇంకొకరి పీపాలు దిగడానికి వీల్లేదట. మంచి పీపాలు రోడ్డు మీద ఎండుతుంటే, విషం డ్రమ్ముల చుట్టూ జనం కాపలా నిలబడ్డారు. పదకొండు పొడిచేసరికి పోలీసులు వచ్చారు.

స్టేషనులో ఎస్సై విసుగ్గా ఉన్నాడు. వరద సాయం సామాను ధ్వంసం చేసిందని కేసు. "మందు డ్రమ్ములని నీకెట్టా తెలుసమ్మా? అసలు ఎక్కడివి అవి?" అని అడిగాడు.

"నా యార్డులోయ్యే."

"ఎవరు అమ్మారు?"

నేను ఆవిడ పక్కనే, మూరెడు దూరంలో ఉన్నాను. నా చేతిరాతతో ఉన్న చీటీ ప్రపంచంలో ఎక్కడో ఉంది. ఎస్సై నా వైపు చూడనైనా చూడలేదు. అతను కలం మూత తీసేలోగా ఒక క్షణం దొరికింది. ఆ క్షణం నాది. దాన్ని నేను వాడుకోలేదు.

"నేనే" అన్నారు సువార్తమ్మ గారు.

బయటికి వచ్చాక ఏడ్చాను. నన్ను ఎందుకు కాపాడారని అడిగాను. ఆవిడకు ఆ ప్రశ్నే నచ్చలేదు. "నిన్ను కాపాడటానికి కాదు టీచరమ్మా. గుమాస్తా తప్పంటే కథ నీ దగ్గరే ఆగిపోద్ది. ఓనరే నా సరుకు విషమని చెబితే, ఆ డ్రమ్ముల్లో ఏముందో చూడకుండా ఎట్టా ఉంటారు?" అన్నారు. పాపం, లోకం మీద అంత నమ్మకం ఆవిడకి. ఎవరూ చూడలేదు. తెల్లారేసరికి ఆ డ్రమ్ములన్నీ కాలనీలోంచి మాయమయ్యాయి. పరీక్షకు పంపడానికి ఒక్కటి కూడా మిగలకుండా మాయమయ్యాయి. నాంచారమ్మ పిల్ల పెద్దాసుపత్రిలో పది రోజులుండి బతికింది. ఇంకో ఇద్దరు ముసలివాళ్లు పోయారు, వరద జ్వరాలని రాసుకున్నారు. పేపర్లో 'సాయం పంపిణీలో మహిళ వీరంగం' అని వేశారు. పెద్దమనిషికి సన్మానం జరిగింది. ఇన్నేళ్ల తర్వాత ఈ నాలుగు వాక్యాలు రాస్తుంటే కూడా కలం కాగితంలోకి దిగబడుతోంది. అది దుఃఖం కాదు, కోపం. ఆ స్టిక్కరు వేసినవాడి మీద, చూడనివాళ్ల మీద, అందరికంటే ఎక్కువగా, తెలిసి కూడా నోరు మూసుకున్న ఎమ్మే తెలుగు మీద.

యార్డు లైసెన్సుకు ఏవో లోపాలు దొరికాయి. ఆరు నెలల్లో మూతపడింది. సువార్తమ్మ గారు బందరులో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. ఆ తర్వాతి ఏడు నాకు ఈ ఉద్యోగం వచ్చినప్పుడు చెప్పడానికి వెళ్లాను. మనిషి సగమయ్యారు. కేసు ఇంకా నడుస్తూనే ఉంది, వాయిదాకల్లా బస్సెక్కి విజయవాడ వస్తూనే ఉన్నారు. నేను కోర్టులో నిజం చెబుతానని అన్నాను. ఆలస్యంగా వచ్చే ధైర్యం చాలా గట్టిగా మాట్లాడుతుంది. ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపి, లోపలికి వెళ్లి గుడ్డలో చుట్టిన ఉలి తెచ్చారు.

"ఇప్పుడు చెబితే నీకు మనసు తేలికవుద్ది, అంతే. తాగేవాళ్లు తాగేశారు. ఈసారి తాగకముందు చెప్పు." ఉలి నా చేతిలో పెట్టి వేళ్లు మూశారు. "కాలేజీలో సుద్దముక్క వాళ్లిస్తారు. ఇది నా తరఫున ఉంచు."

కేసు తేలకముందే ఆవిడ పోయారు. కాగితాల్లో ఆవిడ ఇప్పటికీ వరద బాధితుల సామాను ధ్వంసం చేసిన ముద్దాయే. నేను ఇక్కడ రాస్తున్నది చదివి ఎవరైనా ఆ మాట మార్చుకుంటారన్న ఆశ నాకు లేదు. అయినా రాస్తున్నాను. ఆ నలభై డ్రమ్ములు అమ్మింది నేను. ఆవిడ కాదు.

నిన్న క్లాసులయ్యాక క్యాంటీనులో నీళ్లు మరిగించి తెచ్చి, వరండాలోని డ్రమ్ములో పోసి, బిరడా బిగించి ఎండలో పడుకోబెట్టాను. పిల్లలు వింతగా చూశారు. అరగంట తర్వాత వదులు చేస్తే కీచుమంది. చేత్తో ఆవిరిని ఇటు తోసుకున్నాను. అనుమానం మిగల్లేదు. మళ్లీ ప్రిన్సిపాల్ గారికి చెబితే, "సరేనండీ, ఇంకోసారి కడిగిస్తాంలెండి" అన్నారు. ఈ రోజు పొద్దున నేను వచ్చేసరికి డ్రమ్ము నిండుగా ఉంది. దానికి ఒక కుళాయి బిగించారు, గొలుసుతో స్టీలు గ్లాసు కట్టారు, మీద 'మంచినీరు' అని నీటుగా కాగితం అతికించారు. మొదటి గంట కొట్టడానికి పది నిమిషాలుంది. ఒక అమ్మాయి గ్లాసు చేతిలోకి తీసుకుని కుళాయి కింద పెట్టింది.

ఆ గ్లాసు మీద చెయ్యి అడ్డం పెట్టి పక్కకు జరగమన్నాను. చేతిసంచిలోంచి ఉలి తీశాను. సుత్తి తేలేదు, కిటికీ దగ్గర ఉన్న ఇటుకరాయి సరిపోయింది. మూడు దెబ్బలకు ప్లాస్టిక్కు చీలింది. నీళ్లు వరండా మీదుగా, మెట్ల మీదుగా, కింద దుకాణాల ముందుకు పారాయి. పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని గోడకు అంటుకుపోయారు. దుకాణదారు కిందనుంచి అరుస్తున్నాడు. గది తలుపు ధడాలున తెరుచుకుంది. ప్రిన్సిపాల్ గారు తడిసిన కాగితాన్నీ, చిల్లినీ, పిల్లల్నీ చూశారు. ఆయన ముఖంలో నిన్నటి నవ్వు లేదు.

"ఎవరు చేశారిది?"

"నేనే" అన్నాను.